మూడో ప్రకటన

ఒక ఆదివారం పొద్దున వరంగల్‌లో ఒక చర్చిలో చదవవలసిన పెండ్లి ప్రకటన చదవలేదు. దాన్ని ఆపించినవాడు పెండ్లికొడుకు సొంత కొడుకు. ఆ కొడుక్కి ఆ సందు ఇచ్చిన బేరం కుదిర్చింది నేను. పెండ్లికూతురికి ఎవరూ ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఆమె కొత్త చీర కట్టుకొని ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చొని చివరిదాకా వింటూనే ఉంది. కానుకలు పట్టారు, ఆశీర్వాదం చెప్పారు, జనం లేచారు. ఆమె పేరు రాలేదు.

ఇది అన్యాయం. ఆ మాట ముందు రాసిపెట్టి మిగతాది తర్వాత చెబుతున్నాను. మొదటినుంచి చెప్పబోతే ప్రతివాడూ నడుమ అడ్డం వచ్చి, "పోనీ తాతా, గా వయసుల వాళ్లకు పెండ్లేంది" అంటున్నాడు. అట్లా అన్నవాళ్లతో నేను కొట్లాడాను. కొట్లాడి లాభం లేకపోయింది కనుక రాస్తున్నాను.

పెండ్లికొడుక్కి అరవై ఎనిమిదేళ్లు. నేను అతన్ని బావ అంటాను. అతనిది క్రైస్తవ కుటుంబం, మాది కాదు. వరస లేకపోయినా ఆ పిలుపు అట్లా నిలిచిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఒకే వాడలో పక్కపక్క అద్దె ఇండ్లలో బతికాం. అతను పశువుల అంగళ్లలో దలాలు. ఎడ్లు అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి ధర కుదిర్చే పని అది. నేను కేసముద్రం మార్కెట్‌లో హమాలీని. బడి ముఖం చూడలేదు. మోసే బస్తా మీద ఏం రాసి ఉందో తెలియకుండా మోయడం అవమానంగా తోచి, బస్తాల మీది నల్ల అక్షరాలు చూసుకుంటూ చదువు నేర్చుకున్నాను. తర్వాత పొట్లాల కాగితాలు, తర్వాత గోడల మీది రాతలు, ఆ తర్వాత హన్మకొండలో లైబ్రరీ. నాకు చదువు చెప్పిన పంతులు ఎవడూ లేడు. అందుకే తప్పును తప్పు అనడానికి ఎవరి అనుమతీ అడగను.

బావ పని గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అంగట్లో ధర నోటితో చెప్పరు. నలుగురి చెవిన పడితే బేరం చెడుతుంది. దలాలు తన భుజం మీది తువ్వాల చేతుల మీద కప్పి, కింద వేళ్లు పట్టుకుంటాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు, పిడికిలి బిగిస్తే ఇష్టం లేదని. ముందు ఒకరి చెయ్యి, తర్వాత రెండోవారి చెయ్యి. ఇద్దరి వేళ్లూ ఒక లెక్కకు వచ్చాక చెయ్యి గట్టిగా నొక్కి తువ్వాల తీస్తాడు. తీసిన తర్వాత మాట మార్చినవాడికి ఆ అంగట్లో మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. బావ ఒకసారి తన సొంత ఎడ్ల జత అమ్ముకుంటూ పరధ్యానంలో ఒక వేలు తక్కువ పట్టాడు. తువ్వాల తీసిన తర్వాత గానీ తెలియలేదు. కొనేవాడే పాపమని, "మళ్ల చూద్దాం" అన్నాడు. బావ వినలేదు, ఎడ్లు తోలిచ్చి ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. ఆ మనిషి అటువంటివాడు.

అతని భార్య ఆరేళ్ల కింద దవాఖానలో కన్నుమూసింది. చివరి రోజుల్లో ఆమెను చూసుకున్న నర్సు వీళ్ల చర్చికే వచ్చేది. మేమందరం సిస్టరమ్మ అనేవాళ్లం. తండ్రి పోయిన తర్వాత చెల్లెలిని చదివించి, పెండ్లి చేసి, తాను పెండ్లి మాట మరిచిపోయిన మనిషి. రిటైరైన తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చొని ముసలివాళ్లకు బీపీ చూసేది. బావ ప్రతి వారం చూపించుకునేవాడు. రెండేళ్లు చూపించుకున్నాడు.

"గంతగనం పెరుగుతాందా బావా నీ బీపీ?" అని అడిగాను ఒకసారి.

"ఆమె చూసేటప్పుడే పెరుగుతాంది" అన్నాడు.

అట్లా కుదిరింది ఆ పెండ్లి. అడిగింది బావే. ఆమె వారం రోజులు ఆలోచించి సరేనంది. ఆమెకు అరవై రెండేళ్లు. అది ఆమెకు మొదటి పెండ్లి.

వాళ్ల చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా ఆయనకూ ఫలానా ఆమెకూ పెండ్లి నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు అని. మొదటి ప్రకటన రోజు నేను కూడా పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టరు చదువుతుంటే బావ తల ఎత్తలేదు. ఆమె మాత్రం తల ఎత్తుకొనే ఉంది. పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి ఆమెను చూశారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రెండో ఆదివారం కూడా చెప్పలేదు.

మూడో ఆదివారం ముందు బుధవారం మా టైలర్ దుకాణంలో కూర్చున్నాం. మా జట్టు నలుగురిది: బావ, నేను, టైలర్, లారీలు నడిపి మానేసిన డ్రైవర్. టైలరే ఎత్తాడు మాట.

"ఇప్పటి పోరగాండ్లు పెండ్లికి ముందుగాల ఐలాండ్‌కు పోయి బ్యాచిలర్ పార్టీ చేసుకుంటాండ్రు. మనోడేం పాపం జేసిండు? లక్నవరం చెరువు నడుమ ఐలాండ్‌కు పోదాం, శనివారం పోయి ఆదివారం వద్దాం."

"బ్యాచిలరంటే పెండ్లి కానోడు. ఈయనకు ఇద్దరు కొడుకులు" అన్నాను.

"పెండ్లం లేనోడు బ్యాచిలరే. నువ్వు ప్రతిదానికి డిక్షనరీ తియ్యకన్నా" అన్నాడు డ్రైవర్.

బావ కుట్టు మిషను మీది చాక్‌పీసు చేతిలో తిప్పుతూ, "ఐలాండంటే ఈత రావాల్నా?" అని అడిగాడు.

"పడవల తీస్కపోతరు. మునిగితే నలుగురం మునుగుతం. నువ్వొక్కనివే పోవు, ఫికర్ చెయ్యకు."

"ఆదివారం మూడో ప్రకటన ఉంది గద" అన్నాను.

"అది నేను లేకున్నా చదువుతరు" అన్నాడు బావ. "రెండు వారాలు తల వంచుకొని కూసున్న. మెడ గుంజుతాంది. ఈ ఒక్కసారి నేను లేనప్పుడే చదవనీ."

రూములు ఎవరు మాట్లాడారని అడిగితే టైలర్ తల ఎత్తకుండా, "పెద్దోడే. ఫోన్ల బుక్ చేసిండు. నాయిన సంబురపడాలన్నడు" అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. పెద్దకొడుకు అప్పటికి నెల రోజులుగా తండ్రితో సరిగా మాట్లాడటం లేదు. కొడుకు మెత్తబడ్డాడని నేనూ అనుకున్నాను. అంతదాకా ముఖం చాటేసిన మనిషి ఒక్కసారిగా రూములు ఎందుకు మాట్లాడాడని నాకు తోచి ఉండవలసింది. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ ఏరేవాడినే, నా కండ్ల ముందరిది చూడలేదు.

శనివారం పొద్దున డ్రైవర్ తన అల్లుడి కారు తెచ్చాడు. ములుగు దాటినంక అడవి మొదలైంది. బావ ముందు సీట్లో కూర్చొని మేడారం జాతరకు ఎడ్లబండ్లు పోయే రోజులు చెబుతూనే ఉన్నాడు. ఏ ఊరి ఎడ్లు ఎట్లా నడిచేవో, ఏ ఎద్దు ఏ వాగు దగ్గర మొండికేసిందో. అతను మనుషుల పేర్లు మరిచిపోతాడు, ఎడ్లను మరవడు. డ్రైవర్, "పెండ్లికొడుకువు ఎడ్ల ముచ్చట్లు బంద్ చేసి సిస్టరమ్మ ముచ్చట చెప్పరాదు" అంటే, "ఆమె ముచ్చట నీకెందుకు చెప్త" అన్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

చెరువు గట్టు దగ్గర మాకు నారింజ రంగు జాకెట్లు తొడిగారు. టైలర్ తన జాకెట్ తిప్పి చూసి కుట్టు బాగాలేదన్నాడు. మా పడవలోనే ఏడెనిమిది మంది కుర్రవాళ్లు ఎక్కారు, అందరివీ ఒకే తీరు నల్ల బనియన్లు. ఒకడికి మాత్రం ఛాతీకి అడ్డంగా మెరుపుల పట్టీ ఉంది. వాడు వాళ్ల పెండ్లికొడుకు.

"తాతా, మీరెటు?"

"మేం గూడ బ్యాచిలర్ పార్టీకే" అన్నాడు టైలర్.

వాళ్లు నవ్వారు. "పెండ్లికొడుకెవరు తాతా?"

డ్రైవర్ బావను చూపించాడు. తర్వాత పట్టీ వేసుకున్నవాడు లేచి, పడవ ఊగుతుంటే ఒకరి భుజం పట్టుకొని మా దగ్గరకు వచ్చి, ఆ పట్టీ తీసి బావ మెడలో వేశాడు. "నువ్వు సీనియర్‌వి తాతా, నీకే ఉండాలె" అన్నాడు.

"లవ్ మ్యారేజా, అరేంజ్డా తాతా?" అని ఇంకొకడు.

బావ ఆలోచించి, "బీపీ మ్యారేజ్" అన్నాడు.

వాళ్లకు అర్థం కాలేదు. మేం నలుగురం నవ్వు ఆపుకోలేకపోయాం. ద్వీపం దిగేదాకా ఆ పిల్లలు అతన్ని వదల్లేదు, ఫోటోలు దిగారు. వాళ్ల ఫోన్లలో ఎక్కడో ఇప్పటికీ ఉండి ఉంటుంది ఆ ఫోటో. మా ఎవరి దగ్గరా లేదు. ఒకడినైనా అడిగి తీసుకొని ఉండవలసింది.

మధ్యాహ్నం చేపల కూరతో అన్నం తిన్నాం. డ్రైవర్ సీసా తెరిచాడు. బావ తాగలేదు, సిస్టరమ్మ వద్దందట. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం, చుట్టూ నీళ్లు. అప్పుడు టైలర్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. పెద్దోడు మొన్న నా దుకాణంల కూసోని ఏడ్సిండు. వానికి పెండ్లి వద్దని లేదు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు. మగపెండ్లోళ్లు, 'తాత పెండ్లి ముందా, మనుమరాలి పెండ్లి ముందా' అని నవ్విండ్రట. పెండ్లి పత్రికల మీద నీ పక్కన ఎవరి పేరు కొట్టించాల్నో వానికి సమజైతలేదు. జర ఆగుమంటాండు."

"ఎన్ని రోజులు?" అన్నాడు బావ.

"యాడాది" అన్నాడు డ్రైవర్.

బావ మెడలో పట్టీ తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. మేం నీళ్ల నడుమ ఉన్నాం, లేచి పోవడానికి దారి లేదు. మమ్మల్ని అక్కడికి పంపింది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. కోపం వచ్చి ఉండవలసింది. రాలేదు. ఇద్దరికీ నడుమ నిలబడి కుదిర్చే మనిషి కావాలి అనిపించింది. ఆ మనిషిని నేనే అనిపించింది. జీవితమంతా బస్తాలు మోస్తూ దలాళ్ల చేతులు తువ్వాళ్ల కింద కదలడం దూరం నుంచి చూసినవాడిని నేను. ఒక్కసారైనా ఆ చేతుల నడుమ నా చెయ్యి ఉండలేదు.

"ఇట్ల తెగది. తువ్వాల ఇటియ్యి బావా" అన్నాను.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. నువ్వు చేసుడు ఎన్నిసార్లు చూసిన్నో."

డ్రైవర్ చప్పట్లు కొట్టాడు. టైలర్ కుర్చీ దగ్గరకు జరిపాడు. బావ భుజం మీది తువ్వాల నేనే తీసుకున్నాను. ముందు, పెద్దకొడుకు తరఫున, డ్రైవర్ చెయ్యి. వాడు నా చెయ్యంతా రెండుసార్లు పట్టి, రెండు వేళ్లు కలిపాడు. పన్నెండు నెలలు. తర్వాత బావ చెయ్యి. పిడికిలి బిగించి ఉంది. వేడిగా ఉంది. నేను ఆ పిడికిలిని చాలాసేపు పట్టుకొని కూర్చున్నాను.

"బావా, మనుమరాలు" అన్నాను మెల్లగా.

అప్పుడు ఒక వేలు విడిచాడు.

అటు ఇటు ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. డ్రైవర్ ఎనిమిదికి దిగాడు, ఆరుకు దిగాడు. బావ రెండు అన్నాడు, మూడన్నాడు. చివరికి ఇద్దరినీ నాలుగు దగ్గర కలిపాను. మనుమరాలి పెండ్లి అయిన వారానికి తన పెండ్లి. చెయ్యి నొక్కాను, తువ్వాల తీశాను. టైలర్, "ఇన్నేండ్లు బస్తాలు మోసి ఖరాబైనవన్నా, నువ్వు దలాలువు కావల్సింది" అన్నాడు. నా జన్మలో కుదిర్చిన బేరం అదొక్కటే. ఆ సాయంత్రమంతా నేను ఎంత గర్వంగా తిరిగానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బావ మాత్రం తువ్వాల దులిపి భుజాన వేసుకొని ఒక్కటే చెప్పాడు. "సోమవారం నేనే పోయి సిస్టరమ్మకు చెప్త. అప్పటిదాంక ఎవ్వరు నోరు తెరవొద్దు."

"మరి రేపటి ప్రకటన?"

"చదవనీ. మూడుసార్లు చదివినంక పెండ్లి ఎప్పుడైతే ఏంది."

కాసేపయ్యాక డ్రైవర్ లేచి ద్వీపం ఆ చివరన ఉన్న రాళ్ల మీదికి పోయాడు. ఫోన్ పైకెత్తి పట్టుకొని అటూ ఇటూ తిరిగాడు, సిగ్నల్ అక్కడే దొరికేది. ఇంటికి మాట్లాడుతున్నాడనుకున్నాను.

మరునాడు పదిన్నరకు తిరుగు పడవ ఎక్కాం. నడిచెరువులో బావ గడియారం చూసుకొని, "ఇప్పుడు చదువుతుంటరు" అన్నాడు. జాకెట్ తొడుక్కొనే తల వంచాడు.

మా ఇంటి ముందు కారు ఆగేసరికి నా భార్య గడపలో నిలబడి ఉంది. ఆ చర్చికి పోయే పక్కింటామె అప్పుడే చెప్పి పోయిందట.

"మీ దోస్తు పెండ్లి తప్పిపోయిందట గద?" అంది నాతో. కారులో బావ ఉన్నది ఆమె చూడలేదు.

బావ కారు అద్దం దించాడు. "చదవలేదా చెల్లే?" అని అడిగాడు. ఆమె నన్ను చూసింది. అతను మళ్లీ అదే అడిగాడు, అదే గొంతుతో. "చదవలేదా?"

అట్నుంచి అటే పాస్టరు దగ్గరకు పోయాం. ఆయన మర్యాదగా కుర్చీలు వేయించాడు. "మీ పెద్దబ్బాయి పొద్దున్నే వచ్చి, నాన్నగారు ఆపమన్నారని చెప్పారు. మీరు ఊళ్లో లేరు, ఫోన్ కలవలేదు. ఇంటి విషయం కదా అని ఆపాను" అన్నాడు.

నేను నోరు తెరిచాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అవునయ్యగారు, నేనే చెప్పిన" అన్నాడు.

బయటికి వచ్చాక వాడకట్టంతా వినేటట్టు అరిచాను. "నువ్వు ఎప్పుడు చెప్పినవు? ఎందుకు మీదేసుకుంటవు?"

"చర్చిల అబద్ధం చెప్పిండని నా కొడుకును రేపు నలుగురు అనాల్నా?" అన్నాడు. "వాడు గూడ గా బెంచీల మీదనే పెరిగిండు."

సిస్టరమ్మ ఇంటికి తాళం ఉంది. మధ్యాహ్నం బస్సుకు తొర్రూరులో చెల్లెలి ఇంటికి పోయిందన్నారు. ఫోన్ ఎత్తలేదు. సోమవారం పొద్దున ఇద్దరం తొర్రూరు పోయాం.

ఆమె మమ్మల్ని వాకిట్లోనే మంచం మీద కూర్చోబెట్టింది. కండ్లు ఏడ్చినట్టు లేవు. రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎవరు ఆపిండ్రు?"

"నేనే" అన్నాడు బావ.

"ఎందుకు?"

"మనుమరాలి పెండ్లి ఉంది. అదయ్యేదాంక ఆగుదాం సిస్టరమ్మా. నాలుగు నెలలు."

"నాలుగని ఎవరు పెట్టిండ్రు?"

బావ గ్లాసు చూశాడు. నేను రోడ్డు మీద పోతున్న పత్తి ట్రాక్టరు చూశాను. ఊళ్లో ఎవడు తప్పు చేసినా ముఖం మీద అనే మనిషిని, ఆ వాకిట్లో నాకు నోరు పెగల్లేదు. 'నేను పెట్టిన చెల్లే, ఇట్లా జరిగింది' అంటే సరిపోయేది. అనలేదు. బావ చెప్పకూడదనుకున్నది నేను చెప్పకూడదని సాకు పెట్టుకున్నాను.

"చాయ్ సల్లారుతాంది, తాగుండ్రి" అంది ఆమె.

నేను వరంగల్ రాగానే పెద్దకొడుకు దుకాణానికి పోయాను. కస్టమర్లు ఉండగానే అడిగాను. వాడు నన్ను కాక అంటాడు, చిన్నప్పుడు నా భుజాల మీద ఊరేగినవాడు.

"ఆగుదామని నాయిన ఒప్పుకున్నడా లేదా?" అన్నాడు.

"నాలుగు నెలలకు ఒప్పుకున్నడు. ప్రకటన ఆపుమన్నడా?"

"ఆగేదున్నప్పుడు చదువుడెందుకు కాకా? చదివినంక నా బిడ్డ అత్తగారోళ్లకు ఏం చెప్పాలె? నాయినకే లేని బాధ నీకెందుకు?"

నాయినకు లేదని వాడికి ఎవరు చెప్పారు? తండ్రి నోరు విప్పలేదు కనుక బాధ లేదని లెక్క వేసుకున్నాడు. డ్రైవర్‌ను పట్టుకుంటే, "నాలుగు నెలలకు కుదిరిందని చెప్పిన, గంతే. వాడు చర్చికి ఉరుకుతడని నాకేమెరుక" అన్నాడు. టైలర్ మిషను తొక్కుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరితో మాటలు మానేశాను.

నాలుగు నెలలు బావ ఇచ్చిన మాట మీద ఉన్నాడు. తొర్రూరు పోలేదు. ఆదివారాలు చర్చికి పోయి, బీపీ చూసే అరుగు పక్కనుంచి ఇంటికి వచ్చేవాడు. మనుమరాలి పెండ్లి బాగానే అయింది. అక్షింతలు వేసి బావ అక్కడే నిలబడిపోయాడు. పెద్దకొడుకు తండ్రిని పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టాడు. చూసినవాళ్లు మంచి కొడుకు అన్నారు.

పెండ్లి అయిన మూడో రోజు బావ ఉతికిన బట్టలు కట్టుకొని ఒక్కడే తొర్రూరు బస్సెక్కాడు. నేను వస్తానన్నాను, వద్దన్నాడు. పొద్దు వాలేసరికి బస్టాండ్‌లో దిగాడు. నేను అక్కడే కూర్చొని ఉన్నాను.

"ఏమన్నది బావా?"

"బీపీ చూసింది" అన్నాడు. తువ్వాల భుజాన సర్దుకొని, "చూసి పంపించింది" అన్నాడు.

ఇంటిదాకా నడిచాం. మళ్లీ ఆ మాట మా నడుమ రాలేదు. ఇప్పుడతను వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. ఎడ్ల ముచ్చట్లు కూడా తగ్గిపోయాయి. నేను పోతే జరిగి చోటిస్తాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

నాకు తెలిసింది రాయడం ఒక్కటే. పాస్టరుకు రాశాను: తండ్రి మాట తండ్రి నోట వినకుండా ఒక ఆడమనిషిని నిండు చర్చిలో అట్లా కూర్చోబెట్టడం ఏ న్యాయమని. జవాబు లేదు. చర్చి పెద్దలకు రాశాను. నేను వాళ్ల సంఘం మనిషిని కానని ఎవరితోనో చెప్పించారు. పెద్దకొడుక్కి రాశాను. వాడు చదవకుండానే తండ్రి చేతిలో పెట్టాడు, తండ్రి మడిచి నాకే తెచ్చి ఇచ్చాడు.

చివరికి సిస్టరమ్మకు రాశాను. తొమ్మిది పేజీలు. బావ ఆపలేదని, ఆపమని చెప్పలేదని, కొడుకును కాచుకోవడానికి నేరం మీద వేసుకున్నాడని రాశాను. ద్వీపం మీద జరిగిందంతా, తువ్వాల సంగతీ, నాలుగు అని పెట్టింది నేనేనన్న సంగతీ రాశాను. ఎవరెవరు ఎట్లా మోసం చేశారో వరసగా రాశాను. నిజం తెలిస్తే ఆమె మనసు మారుతుందని, అతన్ని రమ్మంటుందని నా ఆశ. బావకు చెప్పకుండా పోస్టులో వేశాను. నెల గడిచింది, రెండో నెల గడిచింది. రోజూ పోస్టుమ్యాన్‌కు ఎదురు పోయి అడిగేవాడిని. మూడో నెలలో జవాబు వచ్చింది. దవాఖానలో చీటీలు రాసిన చేతిరాత, పొందికగా ఉంది. నేను బావకు ఇంకా చూపించలేదు. చూపించాలో వద్దో తెలియక, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అన్నగారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ప్రకటన ఎవరు ఆపించారో నాకు ఆ ఆదివారమే తెలుసు. పెద్దబ్బాయి వచ్చి ఆపించాడని పాస్టరమ్మగారు ఇంటికి వచ్చి చెప్పింది. మరునాడు ఆయన మా వాకిట్లో కూర్చొని 'నేనే' అన్నప్పుడు అబద్ధమని తెలుసు. కొడుకు పరువు కాపాడుకుంటున్నాడని తెలుసు. దానికి నాకు కోపం రాలేదు. ఇంకా మంచిగానే అనిపించింది.

నాలుగు నెలలు ఎవరు పెట్టారని మాత్రం అడిగాను. ఆయన చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఇప్పుడు మీరు రాశారు కనుక తెలిసింది. నేను అనుకున్నది నిజమే. నలుగురు మగవాళ్లు కూర్చొని నేను ఎన్నాళ్లు ఆగాలో నిర్ణయించారు. ఆ నలుగురిలో ఆయన కూడా ఉన్నాడు. ఒక్క మాట అడిగి ఉంటే ఏడాదైనా ఆగేదాన్ని అన్నా. మా చెల్లెలి కోసం ఎన్నేళ్లు ఆగానో మీకు తెలుసు. అప్పుడు ఆగమని నాకు నేనే చెప్పుకున్నాను.

మీ ఉత్తరంలో కొడుకు తప్పు ఉంది, పాస్టరుగారి తప్పు ఉంది, స్నేహితుల తప్పు ఉంది. బేరం కుదిర్చినందుకు మీ తప్పు కూడా ఒప్పుకున్నారు. నన్ను అడగలేదన్న మాట తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు. మళ్లీ చూశాను, లేదు.

ఆయన రెండోసారి వచ్చినప్పుడు, నన్ను అడగలేదన్న ఈ మాటే చెప్పి పంపించాను. ఆయన విన్నాడు, అవునన్నాడు. మీకు చెప్పలేదంటే మీరు బాధపడతారనే అయ్యుంటుంది. నేను ఇక్కడే ఉంటాను. చెల్లెలి ఇంటి పక్కన గది తీసుకున్నాను, పొద్దున పూట ఒక క్లినిక్‌కు పోతున్నాను.

డ్రైవరన్నతో, టైలరన్నతో మాట్లాడటం మానేశానని రాశారు. అట్లా చేయకండి. ఆయనకు ఉన్నది మీరు ముగ్గురే. రోజూ ఎవరో ఒకరు పోయి కూర్చోండి."